పురుగుమందు విషము సోకినపుడు – గుర్తించుటకు కష్టమైన కొన్ని సందర్భములు

ఒక వ్యవసాయాధికారి, బి.ఎస్‌సి. (వ్యవసాయము), బోయిన్‌పల్లి

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ యార్డుకు తెల్లవారక ముందే ఆటోలు, డి.సి.ఎం. వ్యానులు వచ్చి చేరును. మేడ్చల్, శామీర్‌పేట, గజ్వేల్ వైపుల నుండి టమాట, వంగ, బెండ, కాకర, పచ్చిమిరప దిగుచుండును. సరుకు అమ్ముడుపోయిన పిదప టీ కొట్టు వద్ద రైతు సోదరులు మమ్ములను అడుగు ప్రశ్నలు ప్రతి సంవత్సరము ఇంచుమించు ఒక్కటే. వంగలో కొమ్మను, కాయను తొలుచు పురుగుకు ఏమి కొట్టవలెను? మిరపలో ముడతకు ఏ మందు మంచిది? ఎన్ని మిల్లీలీటర్లు కలపవలెను? మందు పురుగుకు కాక మనిషికి తగిలినచో ఏమి చేయవలెనని అడుగువారు మాత్రము అరుదు. ఈ వ్యాసము ఆ అడగని ప్రశ్నను గురించినది.

వైద్యము చేయుట డాక్టర్ల పని. కాని విషము సోకిన మనిషిని మొదట చూచునది డాక్టరు కాదు. పక్క చేనులోని రైతు, ఇంటివారు, సర్పంచి, పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ విస్తరణాధికారి, వీరే చూచెదరు. ఏ మందు కొట్టినాడు, ఎప్పుడు కొట్టినాడు, దానిలో మరేమి కలిపినాడు అను సంగతులు తెలిసినవారును వీరే. రోగ నిర్ణయములో సగము పని ఊరిలోనే జరుగును. అక్కడ తప్పు చెప్పినచో ఎంత పెద్ద ఆసుపత్రి అయినను కొంతసేపు దారి తప్పును. ఆ కొంతసేపటిలోనే ప్రాణము పోవచ్చును.

మన రైతులు ఎక్కువగా వాడు పురుగుమందులలో సేంద్రియ భాస్వర జాతివి అనేకము కలవు. క్లోరోపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్ వంటి పేర్ల చివర ‘ఫాస్’ అని ఉండుట ఒక ఆనవాలు. అయితే ఎసిఫేట్, డైమిథోయేట్, మలాథియాన్ కూడ ఆ జాతివే గనుక పేరు చివరను మాత్రమే నమ్మరాదు. ఇవి శరీరములో చేయు పనిని చెరువు తూముతో పోల్చి చెప్పవచ్చును. నరము కండరమునకు గాని, గ్రంథికి గాని ఆజ్ఞ పంపునపుడు ఎసిటైల్ కోలిన్ అను పదార్థము విడుదలగును. ఇది తూము తెరచి చేనికి నీరు వదలుట వంటిది. పని కాగానే కోలిన్ ఎస్టరేజ్ అను మరియొక పదార్థము వచ్చి తూము మూయును. ఇది నీరటికాడు వంటిది. సేంద్రియ భాస్వర మందు ఆ నీరటికాని చేతులు కట్టివేయును. ఇక తూము మూయువాడు లేడు. నీరు పారుచునే ఉండును, చేలు మునుగును.

అందుచేతనే రోగి శరీరములో పారవలసినవన్నియు హద్దు మీరి పారును. నోట చొంగ, కంట నీరు, ఒంటినిండ చెమట, వాంతులు, విరేచనములు కలుగును. మూత్రము తెలియకయే పోవును. ఊపిరితిత్తులలో కఫము నిండి గురక వంటి శబ్దము వచ్చును. కనుపాప సూదిమొన అంతకు కుంచించుకుపోవును. తొడలలోను, రొమ్ము మీదను, కనురెప్పలలోను చర్మము క్రింద పురుగులు ప్రాకినట్లు కండరములు అదరును. నాడి చాలమందిలో మందగించును. ఈ లక్షణములన్నియు కలిసి కనిపించినచో గుర్తించుట కష్టము కాదు. చిక్కు అంతయు అవి సగము సగముగా కనిపించినపుడే వచ్చును.

ఎండకాలము పంటలో మధ్యాహ్నము మందు కొట్టుచున్న కూలి మనిషి గట్టు మీద కూలబడినాడనుకొందము. చూచినవారు వడదెబ్బ అని నిశ్చయించి, నీడకు చేర్చి మజ్జిగ త్రాగించెదరు. అతని చొక్కా వీపు మీద పంపు కారి తడిసి ఉన్న సంగతి ఎవ్వరికిని తట్టదు. వడదెబ్బ తీవ్రమైనపుడు ఒళ్ళు కాలిపోవుచుండును, చాలమందిలో చర్మము పొడిగా ఉండును, కనుపాప సూదిమొన వలె కాదు. మందు సోకినవాని ఒళ్ళు సాధారణముగా కాలదు. చెమట ధారగా కారును, నోరు ఊరుచుండును, కనుపాప చిన్నదై వెలుతురులో చూపు మసకగా ఉన్నదని చెప్పును. కనుక చేనిలో పడిపోయినవానిని చూచినపుడు మొదట నుదుటి మీద చేయి పెట్టి, వెనువెంటనే కన్ను తెరచి చూడవలెను. ఈ రెండు పనులకు అర నిమిషము కూడ పట్టదు.

తడిసిన చొక్కాను గురించి ఇక్కడనే చెప్పవలెను. ఈ మందులు నోటి ద్వారానే లోపలికి పోనక్కరలేదు, చర్మము గుండ పోవును. అందులోను చంకలు, గజ్జలు, తల చర్మము త్వరగా పీల్చుకొనును. 2017వ సంవత్సరములో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో మందు కొట్టిన కూలీలు, రైతులు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలైరి. ఇరువదిమందికి పైగా మరణించినారు. ఆ సంవత్సరము పత్తి మనిషి ఎత్తు పెరిగినది. తల ఎత్తి మందు కొట్టవలసి వచ్చుటచే అది ముఖము మీదను, రొమ్ము మీదను పడినది. రెండు మూడు మందులు కలిపి కొట్టుట మరింత కీడు చేసినది. యవత్మాల్ మనకు దూరపు ఊరు కాదు. ఆదిలాబాద్ జిల్లా నుండి పెన్‌గంగ దాటినచో అదే.

ఇక అన్నింటికంటె డాక్టర్లను తికమక పెట్టునది పాముకాటు. కాపలాకై చేని గుడిసెలో నేల మీద పడుకున్న రైతు తెల్లవారుజామున కడుపు నొప్పితో, వాంతులతో లేచి, కొంతసేపటికి మాట ముద్దగా వచ్చి, నోట చొంగ కార్చుచున్నాడనుకొందము. గుడిసెలో మూలన పురుగుమందు డబ్బా ఉన్నది. ఇంటివారు మందు తాగినాడని ఏడ్చెదరు. కాని అది కట్లపాము కాటు కావచ్చును. కట్లపాము రాత్రివేళ నిద్రలో కరచును. నొప్పి ఉండదు, కోరల గుర్తు చాలసార్లు కంటికి కనిపించదు. కడుపు నొప్పి దాని మొదటి లక్షణములలో ఒకటి. చొంగ కారుట కూడ ఉన్నది గాని, దాని కారణము వేరు. పురుగుమందు వలన ఉమ్మి అధికముగా ఊరి కారును. పాము విషము వలన గొంతు పడిపోయి, ఊరిన ఉమ్మిని మ్రింగలేక కార్చును.

తేడా తెలియుటకు రెప్పలను, కనుపాపను చూడవలెను. కట్లపాము కాటులో రెప్పలు వాలిపోవును, ఎత్తుమన్నను ఎత్తలేడు, ఒకటి రెండుగా కనిపించునని చెప్పును. కనుపాప మామూలుగా గాని, పెద్దదిగా గాని ఉండును. కండరములు అదరవు, ఒళ్ళు చెమటతో తడవదు. పురుగుమందులో కనుపాప చిన్నది, కండరములు అదరును, విరేచనములగును. ఈ తేడా కేవలము పేరు కొరకు కాదు. నాగుపాము కాటులో నరముల బలము తిరిగి తెచ్చుటకు నియోస్టిగ్మిన్ అను సూదిమందు ఇచ్చుట కలదు. ఆ మందు కూడ నీరటికాని చేతులు కట్టునట్టిదే. పాము కరచినవానికి అది మేలు చేయును. సేంద్రియ భాస్వర విషము ఉన్నవానికి అదే ఇచ్చినచో విషమునకు విషము తోడగును. గుడిసెలో మంచము ఉన్నదా, నేల మీద పడుకొన్నాడా, డబ్బా మూత తీసి ఉన్నదా, నోట మందు వాసన ఉన్నదా అని చూచి వచ్చిన మనిషి చెప్పు నాలుగు మాటలు డాక్టరుకు ఎంతో విలువైనవి.

పలుమంది ఒకేసారి పడిపోయినపుడు వచ్చు పొరపాటు మరియొకటి. 1958వ సంవత్సరములో కేరళలో గోధుమపిండితో చేసిన వంటకములు తిన్నవారు వందమందికి పైగా మరణించినారు. ఆహార పదార్థములతో పాటు ఒకే ఓడలో వచ్చిన ఫాలిడాల్, అనగా పారథియాన్, కారి వాటిలో కలిసినది. 1968వ సంవత్సరములో కీటకనాశకముల చట్టము వచ్చుటకు ఆ దుర్ఘటన ఒక కారణము. బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లాలో 2013 జూలైలో ఒక బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయినారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలలో తేలినది. ఇటువంటి సందర్భములలో చూచినవారికి మొదట తోచునది పాచిపోయిన తిండి అనియే. పాచిన తిండి వలన వాంతులు, విరేచనములు సాధారణముగా కొన్ని గంటల తరువాత వచ్చును. భోజనపు బంతి లేవక ముందే పిల్లలు వాంతులు చేసుకొని, చొంగ కార్చుచు, కనుపాపలు చిన్నవై పడిపోవుచున్నచో అది విషమని అనుమానించి, వండిన పాత్రలను, నూనె డబ్బాను కడుగక దాచి ఉంచవలెను. ఖాళీ అయిన మందు డబ్బాను ఎంత కడిగినను ఇంటిలోనికి తేరాదని మేము పదే పదే చెప్పుటకు కారణము ఇదే.

ఇంతవరకు చెప్పినవి మొదటి గంటలలో వచ్చు చిక్కులు. వీటికంటె మోసకరమైనది బాగుపడినట్లు కనిపించిన తరువాత వచ్చునది. ఒక గ్రామములో మందు సోకిన కూలి ఒకడు ఆసుపత్రిలో సూదులు వేయగా ఒక్కరోజులో తేరుకున్నాడు. చొంగ నిలిచినది, టీ త్రాగినాడు, మనుమరాలితో మాటలాడినాడు. డాక్టరు వద్దన్నను ఇంటివారు రెండవనాడు తీసికొనిపోయినారు. మూడవనాటి ఉదయము దిండు మీది నుండి తల ఎత్తలేకపోయినాడు. నీరసమని గంజి పోయబోయినారు. అది గొంతు దిగలేదు. మధ్యాహ్నమునకు ఊపిరి పైపైకి వచ్చినది. 108 వాహనములో సంచితో ఊపిరి పోయుచు పెద్ద ఆసుపత్రికి చేర్చగా, రెండు వారములకు దగ్గరగా ఊపిరి యంత్రము మీద ఉండి బ్రదికినాడు.

ఈ అవస్థను శ్రీలంకకు చెందిన సేననాయకే, కరల్లియద్దె అను వైద్యులు 1987లో పదిమంది రోగులను పరిశీలించి వివరించినారు. విషము సోకిన 1 నుండి 4 రోజుల మధ్య, మొదటి లక్షణములు తగ్గిన పిదప, మెడ కండరములు, భుజములు, తొడలు, ఊపిరి పీల్చు కండరములు బలము కోల్పోవును. అట్రోపిన్ దీనికి పని చేయదు. యంత్రముతో ఊపిరి అందించి కాపాడినచో కొన్ని రోజులలో, లేదా రెండు మూడు వారములలో బలము తిరిగి వచ్చును. దీనిని కనిపెట్టుటకు యంత్రములు అక్కరలేదు. రోగిని వెల్లకిల పండబెట్టి తల ఎత్తుమనవలెను. ఎత్తలేనిచో ఆలస్యము పనికిరాదు. కనీసము నాలుగు రోజులు ఆసుపత్రి విడువరాదని గ్రామ పెద్దలు ఇంటివారికి గట్టిగా చెప్పవలెను. ఖర్చు భయముతో తీసికొని వచ్చుట మన పల్లెలలో చాల ఉన్నది.

కొందరిలో రెండు మూడు వారముల తరువాత పాదములు తిమ్మిరెక్కి, నడకలో ముందరికాలు వ్రేలాడును. దీనికిని పాత విషమే కారణమని చెప్పనిదే డాక్టరుకు తెలియదు. 1930లో అమెరికాలో కల్తీ అల్లపు మద్యము త్రాగి వేలాదిమంది కాళ్ళు పడిపోయినపుడు, దానిలో కలిపినది ఈ జాతి రసాయనమే అని తేలినది.

అన్ని మందులును ‘ఫాస్’ జాతివి కావు. మన పల్లెలలో గడ్డి మందు అనబడు పారాక్వాట్ కడుపులోనికి పోయినచో మొదటి రోజు రోగి బాగుగనే మాటలాడును, స్పృహ పోదు. నోరు, నాలుక పుండ్లు పడి తెల్లని పొర కట్టును. తరువాత మూత్రము తగ్గును, ఆపైన ఊపిరితిత్తులు గట్టిపడును. దీనికి విరుగుడు లేదు. పైగా ఊపిరి ఆడుటలేదని తొందరపడి ప్రాణవాయువు అధికముగా ఇచ్చినచో ఊపిరితిత్తులకు మరింత చేటు కలుగును. అందుచే గడ్డి మందు అని ముందే చెప్పుట అత్యవసరము. మూత్రములో సోడియము డైథియోనైట్ కలిపి చేయు పరీక్షలో నీలి రంగు వచ్చినచో ఆ విషము ఉన్నట్లు తేలును. ఎలుకల పేస్టులోని పసుపు భాస్వరము కూడ ఇట్లే మోసము చేయును. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండి, తరువాత కామెర్లు తేలి కాలేయము దెబ్బతినును. ధాన్యపు నిల్వలో పెట్టు అల్యూమినియము ఫాస్ఫైడ్ గోళీల గాలి పక్క గదిలో నిద్రించువారిని కూడ చంపగలదు. ఇల్లంతయు ఒకే రాత్రి వాంతులతో లేచినచో ధాన్యపు గదిని గుర్తు చేసికొనవలెను.

తెలంగాణ పల్లెలలో ఏ పురుగుమందునైనను ‘ఎండ్రిన్’ అనువారు ఇప్పటికిని కలరు. ఎండ్రిన్ నిషేధింపబడి మూడు దశాబ్దములు దాటినది. అది వేరు జాతి మందు, దాని లక్షణము మూర్ఛలు. దానికి అట్రోపిన్ విరుగుడు కాదు. ఆసుపత్రిలో ‘ఎండ్రిన్’ అని చెప్పుట వలన ఉపయోగము లేకపోగా నష్టము కలదు. పేరు చెప్పుటకంటె డబ్బా చూపుట మేలు. డబ్బా మీది ముక్కోణపు రంగు, మందులోని అసలు రసాయనము పేరు, లోపలి కాగితములో విరుగుడు, ఇవన్నియు చట్టము ప్రకారము ఉండవలెను. ఎరుపు మిక్కిలి తీవ్రమైనది. పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తగ్గును. ఆకుపచ్చ అనగా త్రాగదగినదని కాదు. డబ్బాను ప్లాస్టిక్ సంచిలో కట్టి వెంట తేవలెను. దొరకనిచో దుకాణపు రసీదైనను, ఫోనులో తీసిన ఫోటో అయినను చాలును. రెండు మందులు కలిపినచో రెండింటిని తేవలెను.

ఊరిలో చేయదగినది కొద్దియే. మనిషిని చేని నుండి గాలి ఆడు చోటికి తేవలెను. బట్టలన్నియు విప్పి, సబ్బుతో, పుష్కలమైన నీటితో కడుగవలెను. తల వెంట్రుకలు, గోళ్ళ సందులు, మొలత్రాడు, తోలు బెల్టు మరువరాదు. వెంట్రుకలలో నిలిచిన మందు ఆసుపత్రి మంచము మీద కూడ లోపలికి దిగుచుండును. కడుగువారు చేతులకు తొడుగులు గాని, ప్లాస్టిక్ సంచులు గాని వేసికొనవలెను. ఎడమ ప్రక్కకు త్రిప్పి పండబెట్టవలెను. ఉప్పునీరు, పేడనీరు, సబ్బునీరు పోసి కక్కించుట ఇంకను జరుగుచున్నది. ఇది పూర్తిగా మానవలెను. ఈ మందులు కిరసనాయిలు వంటి ద్రవములలో కలిపి ఉండును. కక్కునపుడు అవి ఊపిరితిత్తులలోనికి పోయి అసలు విషముకంటె ముందే చంపగలవు. పాలు, మజ్జిగ, చింతపండు రసము విరుగుడు కావు.

108కు ఫోను చేయునపుడే ‘పురుగుమందు కేసు’ అని చెప్పవలెను. దీనికి కారణము కలదు. అట్రోపిన్ ఒక్కొక్క ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉండును. తీవ్రమైన కేసులో పెద్దవారికి మొదటనే మూడు నుండి ఐదు ఆంప్యూళ్ళు ఇచ్చి, ఊపిరితిత్తులు పొడి అగువరకు ఐదేసి నిమిషములకు రెట్టింపు చేయుచు పోవుదురు. గంటలోపల పదుల సంఖ్యలో ఖర్చు కావచ్చును. చిన్న ఆసుపత్రికి ముందుగా కబురు అందినచో మందు తెప్పించి ఉంచును. అట్రోపిన్ అధికమైనపుడు రోగి గాలిలో ఏదో పట్టుకొనుచున్నట్లు చేతులాడించును, పొంతన లేని మాటలాడును, ఒళ్ళు వేడెక్కును. బంధువులు విషము తలకెక్కినదని గోలపెట్టెదరు. అది మందు ఎక్కువైన గుర్తు, డాక్టరు తగ్గించగానే దిగును. పామ్ అను మరియొక సూదిమందు కట్టిన చేతులను విప్పును. అయితే ఆలస్యమైనచో కట్టు ముడిపడి విప్పుటకు రాదు. కొన్ని మందులలో ఈ ముడి కొన్ని గంటలలోనే పడును. డబ్బా వెంట ఉండవలెననుటకు ఇది ఇంకొక కారణము. కార్బమేట్ జాతి మందులలో ముడి దానంతట అదియే సుమారు ఒక రోజులో వీడును. విషము విషయములో సందేహమున్నచో డాక్టర్లు ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని విష సమాచార కేంద్రమును 1800 116 117 నంబరులో సంప్రదించవచ్చును.

గ్రామాధికారులకు ఒక మాట. మనసు విరిగి మందు త్రాగిన కేసులలో ఇంటివారు పోలీసులకు వెరచి, పరువుకు వెరచి ‘చేనిలో కొట్టుచు పడిపోయినాడు’ అని చెప్పెదరు. చర్మము గుండ పోయినదానికిని, కడుపులోనికి పోయినదానికిని చికిత్సలో తేడా ఉన్నది, ప్రమాదపు లెక్క వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము అట్టి మనిషి తీవ్రమైన మనోవ్యథలో ఉన్నట్లు భావించవలెనేగాని శిక్షించరాదు. ఈ సంగతి సర్పంచులు, కార్యదర్శులు ఇంటివారికి ముందే చెప్పి ధైర్యమిచ్చినచో నిజము డాక్టరుకు సకాలములో చేరును. మనసు క్రుంగినవారు 14416 నంబరుకు ఏ వేళనైనను తెలుగులో మాటలాడవచ్చును.

ఆసుపత్రి నుండి వచ్చిన మనిషి పైకి బాగున్నను, రక్తములోని కోలిన్ ఎస్టరేజ్ మెల్లమెల్లగా, రోజుకు సుమారు నూటికి ఒక వంతు చొప్పున తిరిగి చేరును. పూర్తిగా నిండుటకు మూడు నాలుగు నెలలు పట్టవచ్చును. ఆ కాలములో కొద్దిపాటి మందు తగిలినను మరల పడిపోవును. కావున ఆ పంటకాలమంతయు అతడు పంపు పట్టరాదు, మందు కలుపరాదు, మందు కొట్టుచున్న చేనిలో కలుపు తీయుటకైనను దిగరాదు. ఆ మనిషికి అంతవరకు నీరు పెట్టుట, కాయ కోయుట, మార్కెట్టుకు సరుకు తెచ్చుట వంటి పనులు ఒప్పగింపవచ్చును. అయితే కాయకోత కూడ మందు కొట్టిన పిదప లేబులు మీద చెప్పిన దినములు గడచిన తరువాతనే చేయించవలెను.